చప్పుడు చేయని, ముఖాన్ని కరవని సీపాప్ మాస్క్: ఎంచుకోవడం, పెట్టుకోవడం ఎలా

నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుండే స్లీప్ అప్నియా అని తేలి, రాత్రంతా మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు తెరిచి ఉంచే సీపాప్ మెషీన్ ఇంటికొచ్చిన వారానికే దాన్ని అటకెక్కించేవాళ్లు చాలామంది. అడిగితే మెషీన్ పడలేదంటారు. కాస్త తరచి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: ముక్కు దూలం మీద పుండు, కంట్లోకి గాలి, పక్కన పడుకున్నవాళ్లకి రాత్రంతా సుయ్యిమని చప్పుడు. ఇవన్నీ మాస్క్ తెచ్చే తంటాలే. ఒరుసుకోవడం, చప్పుడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ చాలావరకు ఒకే తీగకు కాసిన కాయలు. లీకవుతోందని పట్టీ బిగిస్తారు. బిగిస్తే కుషన్, అంటే ముఖానికి ఆనే మెత్తటి భాగం, మడతపడి ఇంకా ఎక్కువ లీకవుతుంది. దాంతో మళ్లీ బిగిస్తారు. ఈ చక్రంలోంచి బయటపడే దారి ఇది.

1. కొనేముందు కాగితం మీద రాసుకోవాల్సినవి

మొదటిది మీ ప్రెషర్, అంటే మెషీన్ పంపే గాలి ఒత్తిడి. టైట్రేషన్ (మీకు ఎంత ఒత్తిడి కావాలో తేల్చే పరీక్ష) రిపోర్టులో గానీ డాక్టర్ చీటీలో గానీ ఉంటుంది. సీపాప్ మెషీన్లు సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా ఇస్తాయి. ప్రెషర్‌ను తానే మార్చుకునే ఆటో మెషీన్ అయితే కింది అంకె, పై అంకె కాకుండా రిపోర్టులో ‘95 పర్సెంటైల్’ అని ఉండే అంకె చూడండి. రాత్రిలో 95 శాతం సేపు ప్రెషర్ ఆ అంకె దాటలేదని దానర్థం. 7 దగ్గర హాయిగా కూర్చున్న మాస్క్ 14 దగ్గర ముఖం మీంచి లేచిపోవచ్చు.

రెండోది మీ ముక్కు. నోరు మూసుకుని 3 నిమిషాలు ముక్కుతోనే గాలి పీల్చండి. ఇబ్బంది లేకపోతే ముక్కు మాస్క్ వైపు వెళ్లొచ్చు. తర్వాత ఒక్కో రంధ్రం మూసి చూడండి. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోతుంటే ముక్కు లోపలి గోడ వంకర కావచ్చు, అది ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. జలుబు, ఎలర్జీ వల్లయితే ముందు దానికి మందు వాడండి. మూసుకున్న ముక్కు కోసం పెద్ద మాస్క్ కొనడం, తలుపు బిగుసుకుందని గోడ పగలగొట్టడం లాంటిది.

మూడోది మీరు పడుకునే తీరు. వెల్లకిలా, పక్కకి, బోర్లా, ఏది ఎక్కువో ఇంట్లో వాళ్లనే అడగండి, మీ అంచనా తప్పే అవకాశం ఎక్కువ.

నాలుగోది ముఖం మీద ఉండేవి. గుబురు మీసం, గడ్డం ఉంటే వెంట్రుకల మధ్యలోంచి గాలి జారుతుంది. ముక్కుపుడక ఉంటే కుషన్ అంచు సరిగ్గా దాని మీదికే వస్తుంది, రాత్రి తీసి పెట్టుకోగలరా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. నుదుటి ఆనింపు ఉన్న మాస్క్ స్టిక్కర్ బొట్టు మీద పడితే జారుతుంది. కట్టుడు పళ్లు రాత్రి తీసేస్తే బుగ్గలు లోపలికి పోయి ముఖం ఆకారమే మారుతుంది కాబట్టి, పడుకునేటప్పుడు పళ్లు ఎలా ఉంటాయో అలాగే ఉంచి మాస్క్ సరిచూసుకోవాలి.

ఇంకొకటి ఉంది, దీన్ని అంగట్లో ఎవరూ అడగరు. చాలా మాస్కుల పట్టీలకి అయస్కాంతం క్లిప్పులు ఉంటాయి. పేస్‌మేకర్, ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం), మెదడులో ఎన్యూరిజం క్లిప్ (ఉబ్బిన రక్తనాళానికి వేసేది), షంట్ (నీరు తీసే గొట్టం), కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవిలో అమర్చేది) లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లు అవి వాడకూడదు. మాస్కులు తయారుచేసే కంపెనీలే, 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్, ఈ హెచ్చరిక ఇచ్చాయి. ఆ పరికరాలకి అయస్కాంతం కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పేస్‌మేకర్ మీకు లేకపోయినా పక్కన పడుకునేవాళ్లకి ఉంటే అంతే. అయస్కాంతం లేని క్లిప్పులున్న మాస్క్ కావాలని నోరు తెరిచి అడగండి.

2. ఏ రకం మాస్క్

అన్నిటికంటే చిన్నది నేజల్ పిల్లోస్. రెండు మెత్తని రబ్బరు మొనలు ముక్కు రంధ్రాల ముఖద్వారం దగ్గర ఆనుకుంటాయి. లోపలికి దూరవు, దూర్చకూడదు. రెస్‌మెడ్ ఎయిర్‌ఫిట్ పి10 ఇందులో బాగా తెలిసిన పేరు. మీసమున్నవాళ్లకి, కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం చదువుతూ నిద్రపోయేవాళ్లకి, ముఖం మూసుకుపోతే ఊపిరాడనట్టుండే వాళ్లకి ముందు చూడాల్సింది ఇదే. ప్రెషర్ 12, 14 దాటితే కొందరికి గాలి ముక్కులో గుచ్చుకున్నట్టు ఉంటుంది, అంచులు ఒరుసుకుంటాయి.

ముక్కు కింద ఆనే క్రేడిల్ రకం దాని అక్కచెల్లెలు. రంధ్రాల్లోకి మొనలు ఉండవు, ముక్కు అడుగున ఊయలలా ఆనుతుంది. రెస్‌మెడ్ ఎన్30ఐ, ఫిలిప్స్ డ్రీమ్‌వేర్ నేజల్, ఫిషర్ అండ్ పేకెల్ ఎవోరా ఈ కోవలోవి. ముక్కు దూలాన్ని అస్సలు తాకవు కాబట్టి అక్కడ పుండు పడే బాధ లేదు.

ముక్కు మొత్తాన్ని కప్పే మామూలు నేజల్ మాస్క్ పాతకాలపుది అనుకుంటారు కానీ, ప్రెషర్ ఎక్కువున్నవాళ్లకి నికరంగా నిలిచేది చాలాసార్లు ఇదే.

ముక్కు, నోరు రెండూ కప్పేది ఫుల్ ఫేస్. మెషీన్‌తో పాటు చేతికి ఇచ్చేది ఎక్కువగా ఇదే. నోటితో గాలి పీల్చేవాళ్లకి పనికొస్తుందన్నది నిజమే. కానీ ముఖం మీద ఆనే అంచు పొడవెక్కువ, కాబట్టి లీకయ్యే చోట్లూ ఎక్కువ. పైగా పట్టీ బిగించినకొద్దీ కింది దవడను వెనక్కి నెట్టి గొంతు దారి ఇరుకు చేస్తుంది. అదే ఫలితానికి ముక్కు మాస్క్ కంటే ఎక్కువ ప్రెషర్ కావాల్సి రావడం మామూలే. ముక్కు బాగున్నవాళ్లు ‘ఎందుకైనా మంచిది’ అని దీన్ని కొనకండి. ముక్కు మాస్క్ నిజంగా కుదరకపోతేనే ఇటు రండి.

నోరు తెరుచుకునే అలవాటుందని భయపడేవాళ్లకి ఒక మాట. గురక పెట్టే రోజుల్లో నోరు తెరుచుకునేది గొంతు మూసుకుపోయి గాలాడక. సీపాప్ గొంతు తెరిచి ఉంచితే చాలామందికి నోరు దానంతటదే మూసుకుంటుంది. రెండు వారాలు ముక్కు మాస్క్‌తో చూడండి. పొద్దున లేచేసరికి నోరు బెండులా ఎండిపోతుంటే లీక్ నోటి నుంచే. అప్పుడు హ్యుమిడిఫయర్ (గాలికి తేమ కలిపే నీళ్ల తొట్టి) పెంచడం, గడ్డం కింద పట్టీ వేయడం, చివరికి ఫుల్ ఫేస్. నోటికి టేపు మాత్రం అంటించొద్దు. ముక్కు మాస్కుకి, కరెంటు పోయినప్పుడు బయటి గాలి తీసుకునే వాల్వు ఉండదు. ఫుల్ ఫేస్‌కి ఉంటుంది. కరెంటు కోతలున్న ఊళ్లో టేపు వేసి పడుకోవడం తెలిసి తెలిసి ప్రమాదం తెచ్చుకోవడమే.

ట్యూబు ఎక్కడ తగులుకుంటుందో కూడా చూడండి. పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి, అటూఇటూ దొర్లేవాళ్లకి నడినెత్తిన ట్యూబు ఉండే రకం నయం. వీటిలో గాలి రెండు చెంపల పక్కగా బోలు ఫ్రేమ్‌లోంచి వస్తుంది, ఒక వైపు దిండు కింద నలిగినా రెండో వైపు నుంచి అందుతుంది. అయితే చెవి పక్క నుంచే గాలి పోతుంది కనుక చిన్న శబ్దానికే మెలకువ వచ్చేవాళ్లకి అది ఇబ్బంది కావచ్చు.

3. సైజు

సగం కష్టాలు ఇక్కడే పుడతాయి. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియం కాదు. కంపెనీ సైట్‌లో సైజు కొలిచే కాగితం ఉంటుంది, దాన్ని 100 శాతం సైజులోనే ప్రింట్ తీయండి. ‘పేజీకి సరిపోయేలా’ అని తీస్తే కొలత తప్పుతుంది. స్కేలు పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

నేజల్ మాస్క్‌కి ముక్కు రెక్కల మధ్య వెడల్పు, ముక్కు దూలం నుంచి పై పెదవి దాకా ఎత్తు కావాలి. కుషన్ ముక్కు రెక్కలను నొక్కకూడదు, పెదవి మీదికి జారకూడదు. ఫుల్ ఫేస్‌కి కొలిచేటప్పుడు నోరు కొద్దిగా తెరవండి, నిద్రలో దవడ జారుతుంది కదా. కుషన్ అడుగు కింది పెదవికి దిగువన, గడ్డం గుంటలో కూర్చోవాలి. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే ఫుల్ ఫేస్‌లో చిన్నది తీసుకోండి. పెద్దది అయితే పై అంచు కంటి మూల దాకా వెళ్లి కంట్లోకి గాలి కొడుతుంది. పిల్లోస్‌లో మాత్రం తలకిందులు, రంధ్రంలోకి దిగిపోయే చిన్న సైజు కంటే ముఖద్వారాన్ని మూసి నిలిచే పెద్ద సైజే తక్కువ చప్పుడు చేస్తుంది, తక్కువ ఒరుస్తుంది. పి10 డబ్బాలో సాధారణంగా మూడు సైజుల పిల్లోస్ వస్తాయి. మూడూ ఒక్కో రాత్రి వాడి చూసి తేల్చుకోండి.

ప్యాకెట్ చింపిన మాస్క్ వెనక్కి తీసుకోకపోవడం మామూలు. కాబట్టి డబ్బు కట్టకముందే రెండు ప్రశ్నలు అడగండి: మెషీన్‌కి తగిలించి, నా ప్రెషర్ దగ్గర, పడుకుని చూడనిస్తారా? సైజు సరిపోకపోతే కుషన్ మారుస్తారా? రెండింటికీ ‘కుదరదు’ అంటే ఇంకో చోటు చూసుకోండి.

4. పెట్టుకోవడం

అద్దం ముందు నిలబడి సరిచేసుకున్న మాస్క్ పడుకోగానే పాడవుతుంది. పడుకుంటే చెంపల కండ కిందికి జారుతుంది, ముఖం కొలత మారుతుంది. అందుకని ఇలా చేయండి.

ముఖం సబ్బుతో కడుక్కుని తుడుచుకోండి. కొబ్బరినూనె, నైట్ క్రీమ్ ఉంటే సిలికాన్ జారుతుంది, తొందరగా పాడవుతుంది కూడా. పట్టీలన్నీ వదులు చేయండి. మాస్క్ పెట్టుకుని, మీరు పడుకునే దిండు మీదే పడుకోండి. మెషీన్ వేయండి. ర్యాంప్ (తక్కువ ప్రెషర్‌తో మొదలై మెల్లగా పెరిగే సెట్టింగు) ఆపేసి గాలి అసలు ప్రెషర్‌కి వచ్చేలా చూడండి. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 లాంటి మెషీన్లలో మాస్క్ ఫిట్ అనే పరీక్ష ఉంటుంది, దాన్ని నొక్కితే సరిపోతుంది.

ఇప్పుడు మాస్క్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముఖం నుంచి ఒక సెంటీమీటరు బయటికి లాగండి. కుషన్ లోపలి పలచటి పొర గాలికి బెలూన్‌లా ఉబ్బుతుంది. అలా ఉబ్బి ఉండగానే మెల్లగా ముఖం మీద దించండి. ముఖానికి అతికేది ఆ పలచటి పొర ఒక్కటే, వెనకున్న మందపాటి అంచు దానికి ఆసరా మాత్రమే. పట్టీ బిగించేస్తే పలచటి పొర మందపాటి దానికి అతుక్కుపోయి ఉబ్బే చోటుండదు. బిగించినకొద్దీ లీక్ ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

తర్వాత కింది పట్టీలు, ఆ తర్వాత పైవి, రెండు వైపులా సమానంగా, ఒక్కోసారి అర సెంటీమీటరు చొప్పున లాగండి. లీక్ ఆగిన చోట ఆపేయండి. పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. పి10 లాంటి వాటికి లాగే క్లిప్పే ఉండదు, వెనక పట్టీ రెండు పాయలుగా చీలి ఉంటుంది. పాయల్ని దూరం జరిపితే వదులు, దగ్గరికి తెస్తే బిగువు. పడుకునే ముందు జడ గానీ ముడి గానీ పట్టీకి అడ్డురాకుండా పక్కకి వేసుకోవాలి.

లీక్ పట్టుకోవడానికి టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి కుషన్ అంచు వెంట మెల్లగా తిప్పండి. కదిలిన చోటే లీక్. వెల్లకిలా, ఎడమకి, కుడికి, మూడు వైపులా తిరిగి చూడండి. పొద్దున ముఖం మీద కనిపించే గాట్లు అరగంటలో మాయమైతే పర్వాలేదు. మధ్యాహ్నానికీ ఎర్రగానే ఉంటే బిగువు ఎక్కువైనట్టు, లేదా ఆ రకమే మీకు సరిపడనట్టు.

1980లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ సీపాప్ మొదలుపెట్టిన రోజుల్లో ఒక్కో రోగి ముక్కుకి అచ్చు తీసి మాస్క్ చేసి, రోజూ రాత్రి జిగురుతో ముఖానికి అంటించేవారు. ఇప్పుడు జిగురు పనిని ఆ పలచటి పొర చేస్తోంది. దాన్ని దాని పని చేయనిద్దాం.

5. చప్పుడును బట్టి జబ్బు

ముందొక నిజం: పూర్తిగా నిశ్శబ్దంగా ఉండే సీపాప్ మాస్క్ లేదు. మీరు వదిలిన గాలి బయటికి పోవడానికి ప్రతి మాస్క్‌కీ వెంట్ రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఆగకుండా గాలి పోతూనే ఉండాలి. వాటికి టేపు వేసినా, దుప్పటి కప్పినా వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీలుస్తారు. చప్పుడు తగ్గించడానికి ఆ పని ఎప్పుడూ చేయకండి.

సుయ్యిమని సన్నగా, ఒకే తీరుగా వస్తే అది వెంట్. ఒక్క పెద్ద రంధ్రం కంటే బోలెడు చిన్న రంధ్రాలు, జల్లెడలాంటి వెంట్ ఉన్న మాస్క్‌లు తక్కువ చప్పుడు చేస్తాయి. గాలి కూడా ఒకే ధారగా పక్కవాళ్ల మీద కొట్టదు. రెస్‌మెడ్‌లో క్వయట్‌ఎయిర్ అనే పేరున్న వెంట్లు అలాంటివే. పోల్చడానికి మాన్యువల్‌లో డెసిబెల్ అంకె చూడండి, కానీ జాగ్రత్త. అందులో రెండు అంకెలుంటాయి: సౌండ్ పవర్ (మాస్క్ మొత్తంగా పుట్టించే శబ్దం), ఒక మీటరు దూరంలో సౌండ్ ప్రెషర్ (అక్కడికి చేరే శబ్దం). పి10కి మొదటిది 29, రెండోది 21. ఒక మాస్క్ మొదటి అంకెను మరో మాస్క్ రెండో అంకెతో పోలిస్తే మోసపోతారు.

పుర్రుపుర్రుమని, తిరిగినప్పుడల్లా వస్తే అంచు లీక్. నాలుగో మెట్టుకి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. ఈలలా వస్తే పిల్లోస్ రంధ్రాలకి సూటిగా లేవు, లేదా సైజు చిన్నది, లేదా వెంట్ జల్లెడలో సబ్బు పేరుకుంది. సూదితో గుచ్చకండి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమండి. గుడగుడమంటే ట్యూబులో నీళ్లు చేరాయి. ఏసీ గదిలో ట్యూబు చల్లబడి హ్యుమిడిఫయర్ ఆవిరి నీరవుతుంది. తేమ అంకె ఒకటి తగ్గించండి, ట్యూబుకి గుడ్డ తొడుగు వేయండి, ఏసీ ఒకటి రెండు డిగ్రీలు పెంచండి, మెషీన్‌ను మంచం కంటే కింద పెట్టండి. అప్పుడు నీళ్లు వెనక్కి జారతాయి, ముక్కులోకి రావు.

ఊపిరికి తగ్గట్టు లోపల్నుంచి హోరు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది మాస్క్ కాదు, మెషీన్ శబ్దం ట్యూబు వెంట వస్తోంది. ఫిల్టర్ మట్టి పట్టిందేమో చూడండి. మన ఊళ్ల దుమ్ముకి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే నల్లబడుతుంది. మెషీన్‌ను చెక్క బల్ల మీద పెడితే బల్ల కూడా మోగుతుంది, కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి. గాలి తీసుకునే పక్క మూసుకుపోకుండా చూసుకోండి.

6. మంచం దగ్గర

ట్యూబు బరువు మాస్క్‌ను లాగుతుంది, అదే లీక్‌కి మొదలు. దోమతెర కర్రకో, తలవైపు కిటికీ ఊచకో గుడ్డ ఉచ్చు వేసి ట్యూబును పైనుంచి వేలాడదీయండి. తిరగడానికి ఒక మూర వదులుండాలి. మామూలు ట్యూబు లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు, సన్నది 15. సన్నది తేలిక, కానీ మెషీన్ సెట్టింగులో ట్యూబు రకం మార్పించాలి. మాస్క్ రకం కూడా అంతే. ఫుల్ ఫేస్ నుంచి పిల్లోస్‌కి మారినప్పుడు మెషీన్‌లో పిల్లోస్ అని ఎంచుకోకపోతే లీక్ లెక్క తప్పుతుంది.

ర్యాంప్ 4తో మొదలైతే, ముఖ్యంగా ఫుల్ ఫేస్‌లో, గాలి చాలనట్టు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. చాలామంది దీన్ని మాస్క్ తప్పుగా పొరబడతారు. మొదలయ్యే అంకెను 5 లేదా 6 చేయొచ్చా అని డాక్టర్‌ని అడగండి. కొత్తలో పగలు టీవీ చూస్తూ అరగంట, తర్వాత మధ్యాహ్నం కునుకుకి, ఆ తర్వాత రాత్రికి అలవాటు చేసుకుంటే మెదడు తొందరగా ఒప్పుకుంటుంది.

పొద్దున రెండు అంకెలు చూడండి. ఏహెచ్ఐ, అంటే గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో చెప్పే అంకె, 5 లోపు ఉండాలి. లీక్ రెస్‌మెడ్ మెషీన్లలో నిమిషానికి 24 లీటర్ల లోపు ఉండాలి, అది వెంట్ గాలి తీసేయగా మిగిలిన లెక్క. కొన్ని కంపెనీలు వెంట్ గాలి కూడా కలిపి చూపిస్తాయి, అప్పుడు అంకె పెద్దగా కనబడినా కంగారు అక్కర్లేదు. ఒక రాత్రి కాదు, వారం చూసి నిర్ణయించుకోండి. లీక్ బాగున్నా ఏహెచ్ఐ తగ్గకపోతే మాస్క్‌తో కుస్తీ మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

7. కడగడం, మార్చడం

కుషన్ రోజూ, పట్టీలు వారానికోసారి. గోరువెచ్చటి నీళ్లు, పిల్లల సబ్బులాంటి మెత్తటి సబ్బు చాలు. డెట్టాల్, శానిటైజర్, మరిగే నీళ్లు వద్దు, సిలికాన్ పెళుసెక్కుతుంది. ఎండలో ఆరేయకుండా నీడలో ఆరనివ్వండి. ఎయిర్‌టచ్ లాంటి ఫోమ్ కుషన్‌ను నీళ్లలో ముంచకూడదు, తుడవడమే. హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయండి, దొరకనప్పుడు ఆర్వో నీళ్లు. బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లగా గార కడుతుంది.

మార్చే సమయం తేదీని బట్టి కాదు, వేలితో తెలుసుకోండి. కుషన్ పలచటి పొరను నొక్కి వదిలితే వెంటనే లేవాలి. జిడ్డుగా, పసుపుగా, మెత్తబడి నిదానంగా లేస్తుంటే దాని పనైపోయింది. పట్టీ సాగి, నెల కిందట బిగించిన గుర్తు కంటే రెండు సెంటీమీటర్లు లోపలికి లాగాల్సి వస్తుంటే పట్టీ మార్చాలి, మాస్క్ మొత్తం కాదు. విడి కుషన్, విడి పట్టీ దొరికే మోడలే కొనడం అందుకే మేలు. అదనంగా ఒక కుషన్ కొని బీరువాలో పెట్టండి, ఎందుకంటే కుషన్ చిరిగేది ఎప్పుడూ శనివారం రాత్రి, అంగళ్లు మూసేశాకే.